రస్సెల్ మత్స్యగ్రంథంలో ‘కార’: నిలిచిన పేరు, నమోదు కాని వెలుగు

విశాఖపట్నం తీరంలో సేకరించిన రెండువందల చేపల వర్ణనలు, చిత్రాలతో పాట్రిక్ రస్సెల్ గ్రంథం 1803లో లండన్‌లో రెండు సంపుటాలుగా వెలువడింది. స్కాట్లండుకు చెందిన ఈ వైద్యుడు 1785లో ఈస్టిండియా కంపెనీ ప్రకృతి శాస్త్రజ్ఞుడిగా నియమితుడయ్యాడు. చేపలను లిన్నేయస్ ప్రజాతుల కింద వర్గీకరించినా, వాటిని స్థానిక వ్యవహార నామాలతోనే పేర్కొనడం ఆయన గ్రంథంలోని విశిష్టత. అందువల్ల అది మత్స్యశాస్త్రానికే కాక తెలుగు పదకోశ చరిత్రకూ ఆధారమవుతుంది. ‘వాలుగ’ అనే తెలుగు పేరు ‘వల్లగో’ అనే శాస్త్రీయ ప్రజాతి నామంగా స్థిరపడటం ఇందుకు నిదర్శనం.

ఆ గ్రంథంలో ‘కారా’ పదంతో ముగిసే పేర్లు కొన్ని ఉన్నాయి. ఇవి తీరప్రాంత సంతల్లో ‘కారలు’గా అమ్ముడయ్యే చిన్న వెండి చేపలు. వీటి వీపు రెక్కలో ముళ్లుంటాయి. రస్సెల్ రాసిన ‘గూమోరా కారా’ ఆధారంగా వాలెన్సియెన్ 1835లో ‘ఈక్వులా గొమోరా’ అనే శాస్త్రీయ నామాన్ని రూపొందించాడు.

అయితే ఈ చేపలు వెలుగును ఉత్పత్తి చేస్తాయి. ముళ్ల చేప మోనోసెంట్రిస్‌కు కాంతి అవయవం కింది దవడపై ఉంటుంది. కారకు అది అన్నవాహిక చుట్టూ, శరీరం లోపల ఉంటుంది. అందులో నివసించే బాక్టీరియా వెలుగు గాలితిత్తి గోడలపై ప్రతిఫలించి పొట్టవైపు ప్రసరిస్తుంది. పైనుంచి వచ్చే కాంతిలో చేప నీడ కింది శత్రువులకు కనబడకుండా ఇది తోడ్పడుతుంది. హార్మ్స్ ఈ అవయవాన్ని 1928లో వర్ణించాడు. ఆ బాక్టీరియాకు ‘ఫోటోబాక్టీరియం లియోగ్నాథి’ అనే పేరు 1967లో వచ్చింది. రెక్కల ముళ్లను, పొలుసులను, బాహ్యాకృతిని ప్రమాణంగా తీసుకున్న నాటి వర్ణన పద్ధతికి లోపలి వెలుగు అందలేదు.

భాష విషయంలోనూ ఇటువంటి పరిమితే ఉంది. రస్సెల్ రోమన్ లిపిలో హ్రస్వదీర్ఘాలు, త-ట భేదం స్పష్టం కావు. ‘గూమోరా’కు మూలమైన తెలుగు ఉచ్చారణ ఏదో ఆ అక్షరాలను బట్టి మాత్రమే నిర్ణయించలేం. ఆ పేర్లు చెప్పిన జాలరుల పేర్లు గాని, బొమ్మలు గీసిన భారతీయ చిత్రకారుని పేరు గాని గ్రంథంలో మిగలలేదు. కనుక రస్సెల్ జాబితాను నిఘంటువులకు ఎక్కించే ముందు, ఒక్కొక్క చిత్రాన్ని నేటి ఉత్తరాంధ్ర మత్స్యకారుల ముందుంచి, వారి ఉచ్చారణతో సరిచూడటం అవసరం. ఆ పదాలు తెలిసిన పెద్దతరం ఉండగానే ఈ పని జరగాలి.