ఖరగ్‌పూర్ తెలుగువారి ఓటు: క్వార్టర్ మారితే పేరేమవుతుంది?

పశ్చిమ బెంగాల్‌లోని ఖరగ్‌పూర్‌కు తెలుగువారిని రప్పించింది రైలే. బెంగాల్ నాగపూర్ రైల్వే వర్క్‌షాపులో, లైన్లలో పనికి ఉత్తరాంధ్ర నుంచి వచ్చిన కుటుంబాలు తరాలుగా ఇక్కడే ఉన్నాయి. వారి ఓట్లున్న ఖరగ్‌పూర్ సదర్ అసెంబ్లీ స్థానంలో 2021లో ఆధిక్యం 3,771 ఓట్లే. అందుకే ఇక్కడ జాబితాలో పేరు ఉందా లేదా అన్నది చిన్న విషయం కాదు.

2020 డిసెంబరులో రాష్ట్ర మంత్రివర్గం తెలుగుకు అధికార భాష హోదా ఇవ్వాలని నిర్ణయించింది. అంతమాత్రాన ఓటరు జాబితా తెలుగులో రాదు. 1960 నాటి ఓటర్ల నమోదు నియమాల్లో 4వ నియమం ప్రకారం అది ఏ భాషలో ఉండాలో చెప్పేది ఎన్నికల సంఘం. పోలింగ్ రోజు పేరు చదవలేకపోయినా ఈవీఎంపై గుర్తు, 2015 నుంచి అభ్యర్థి ఫొటో ఆదుకుంటాయి. జాబితాకు అలాంటి వెసులుబాటు లేదు.

అసలు చిక్కు క్వార్టర్‌తో. ఉద్యోగి రిటైరైతే ఇల్లు ఖాళీ చేయాలి. ఊరు మారకపోయినా చిరునామా మారుతుంది. నివాసం మారారన్న కారణంతో పేరు తీసేసే ముందు ఓటరు వాదన వినాలని 1950 ప్రజాప్రాతినిధ్య చట్టంలోని 22వ సెక్షన్ చెబుతోంది. కానీ నోటీసు పాత క్వార్టర్ తలుపుకే అంటిస్తే ఆ హక్కు కాగితం మీదే మిగులుతుంది. కాబట్టి క్వార్టర్ వదిలిన వెంటనే ఫారం-8 ఇవ్వడం మేలు. పేరు అప్పటికే పోయి ఉంటే ఫారం-6 నింపాలి. నమోదు అధికారి నిర్ణయం నచ్చకపోతే జిల్లా మేజిస్ట్రేట్‌కు అప్పీలు చేసుకోవచ్చు, గడువు 15 రోజులు.

స్పెల్లింగ్ మరో తలనొప్పి. తెలుగువారికి ఇంటిపేరు ముందుంటుంది, బెంగాల్‌లో చివర. ఒక కాగితంలో పొడి అక్షరాలు, ఇంకోదాంట్లో పూర్తి పేరు. 2025 నవంబరులో మొదలైన ప్రత్యేక సమగ్ర సవరణలో 2002 జాబితాతో పోల్చి చూడటంతో, ఎప్పుడో తండ్రి పేరులో దొర్లిన తప్పుకు కూడా విలువ వచ్చింది. ఆ డిసెంబరు 16న వచ్చిన ముసాయిదాలో రాష్ట్రవ్యాప్తంగా సుమారు 58 లక్షల పేర్లు లేవు.

సొంతూళ్లో ఓటు ఉంచుకుని ఇక్కడా నమోదు చేయించుకోవడం చట్టవిరుద్ధం. తప్పుడు ప్రకటనకు ఏడాది దాకా జైలు. వివరాలకు 1950 నంబరుకు ఫోన్ చేయవచ్చు, లేదా బూత్ స్థాయి అధికారిని అడగవచ్చు.