దాతలు వెళ్లిపోయాక మిగిలేదేమిటి? అభివృద్ధి కోసం డిజిటల్ భాగస్వామ్యాలు: ఒక చరిత్ర

పరిచయం

మీ ఊరి ఏఎన్ఎం చేతిలోని రిజిస్టర్లను ఎప్పుడైనా గమనించారా? గర్భిణుల నమోదు, టీకాలు, ప్రసవాలు, జ్వరాలు ఇలా ఒక్కొక్కదానికి ఒక్కో పట్టిక. మీలో కొందరు ఆ ఉద్యోగం చేస్తూనే ఈ పాఠం చదువుతూ ఉండవచ్చు. ఆ అంకెలు నెలాఖరుకు ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి, అక్కడి నుంచి జిల్లాకు, రాజధానికి వెళ్తాయి. కాని రాసి పంపిన మనిషికి వాటి వల్ల తిరిగి అందేదెంత? పేద దేశాలకు కంప్యూటర్లు, సాఫ్ట్‌వేర్ అందించడానికి ధనిక దేశాలు, దాతృత్వ సంస్థలు, విశ్వవిద్యాలయాలు కుదుర్చుకున్న భాగస్వామ్యాల చరిత్రను ఈ ప్రశ్నతోనే మొదలుపెట్టాలి.

ఈ భాగాన్ని చదివిన తరువాత మీరు ఇటువంటి భాగస్వామ్యం ఒకటి ఎలా పుట్టి పెరిగిందో వివరించగలుగుతారు. దాత నిధులు ఆగిపోయినప్పుడు ఏది నిలుస్తుందో, ఏది కూలుతుందో కారణాలతో చెప్పగలుగుతారు.

1. ఒక ఏడాది అరువు ఉపగ్రహం

కంప్యూటర్లు ఇంకా గ్రామాలకు చేరని కాలం నాటి ఒక అనుభవాన్ని ముందుగా చూద్దాం. 1969లో భారత అణుశక్తి శాఖకు, అమెరికా అంతరిక్ష సంస్థ నాసాకు ఒక ఒప్పందం కుదిరింది. దాని ప్రకారం 1975 ఆగస్టు 1 నుంచి 1976 జూలై 31 వరకు ఏటీఎస్-6 అనే అమెరికన్ ఉపగ్రహం ద్వారా ఆంధ్రప్రదేశ్‌తో సహా 6 రాష్ట్రాలలోని సుమారు 2,400 గ్రామాలకు టెలివిజన్ కార్యక్రమాలు ప్రసారమయ్యాయి. వాటిలో తెలుగు కార్యక్రమాలూ ఉన్నాయి. దీనినే 'సైట్' ప్రయోగం అంటారు.

గడువు ముగియగానే ఉపగ్రహం వెళ్లిపోయింది. అయినా అంతా పోలేదు. ఉపగ్రహం అమెరికాది కాగా, భూమి మీది ఏర్పాట్లు, కార్యక్రమాల తయారీ భారతీయుల చేతుల్లోనే జరిగాయి. గ్రామాలలో పెట్టిన టీవీ సెట్లను హైదరాబాదులోని ఇ.సి.ఐ.ఎల్. తయారుచేసింది. ఆ ఏడాదిలో పని నేర్చుకున్న ఇంజినీర్లు, కార్యక్రమ నిర్మాతలు ఇక్కడే ఉన్నారు. 1983లో ఇన్సాట్-1బి పనిచేయడం మొదలుపెట్టే నాటికి ఆ అనుభవం దేశానికి అక్కరకు వచ్చింది. అరువు వస్తువు వెనక్కి వెళ్లినా, నేర్చిన పని వెనక్కి వెళ్లదు. ఈ సంగతిని గుర్తుంచుకుని ముందుకు సాగండి.

2. దక్షిణాఫ్రికా: 14 శాఖల వారసత్వం

1994లో నెల్సన్ మండేలా ప్రభుత్వం ఏర్పడే నాటికి దక్షిణాఫ్రికాలో 14 ఆరోగ్య శాఖలు ఉండేవి. వర్ణవివక్ష పాలన తెల్లవారికి ఒకటి, మిశ్రమ జాతివారికి ఒకటి, భారతీయులకు ఒకటి, నల్లవారి కోసం విడదీసిన 10 'బంటూస్థాన్' ప్రాంతాలకు ఒక్కొక్కటి, వీటన్నిటిపైన ఒక ఉమ్మడి శాఖ నడిపింది. ఒకరి లెక్కలు మరొకరి లెక్కలతో కలిసేవి కావు. ఏ జిల్లాలో ఎందరు పిల్లలకు టీకాలు పడ్డాయో చెప్పలేని ప్రభుత్వం ఆ అసమానతను ఎలా సరిదిద్దగలదు?

ఈ అవసరం నుంచే కేప్‌టౌన్ ప్రాంతపు విశ్వవిద్యాలయాలు, ప్రజారోగ్య కార్యకర్తలు, నార్వేలోని ఓస్లో విశ్వవిద్యాలయ పరిశోధకులు కలిసి 'హిస్ప్' అనే ఆరోగ్య సమాచార కార్యక్రమాన్ని ప్రారంభించారు. నార్వే ప్రభుత్వ సహాయ సంస్థ నోరాడ్ నిధులిచ్చింది. వారు ముందుగా తేల్చుకున్నది సాఫ్ట్‌వేర్ సంగతి కాదు, అసలు ఏ అంకెలు అవసరమనేది. అన్ని పట్టికలనూ జల్లెడ పట్టి, అత్యవసరమైన కొద్దిపాటి అంశాలతో ఒక జాబితా తయారుచేశారు. ఆ తరువాతే జిల్లా స్థాయి సిబ్బంది స్వయంగా వాడుకోగల 'డి.హెచ్.ఐ.ఎస్.' అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌ను రూపొందించారు. కొన్ని సంవత్సరాలలోనే అది దేశమంతటికీ విస్తరించింది.

3. కుప్పం నుంచి కేరళకు

ఈ కథ తరువాతి మజిలీ మన ప్రాంతమే. 2000 ప్రాంతంలో హిస్ప్ భారతదేశంలో తన పనిని చిత్తూరు జిల్లా కుప్పం ప్రాంతపు ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలలో ప్రారంభించింది. అయితే అది ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర వ్యవస్థగా నిలదొక్కుకోలేదు. ఒక నియోజకవర్గంలో విజయవంతంగా సాగే ప్రయోగానికీ, ఒక రాష్ట్ర యంత్రాంగం దానిని తనదిగా స్వీకరించడానికీ మధ్య దూరం చాలా ఎక్కువని ఇక్కడ తెలుస్తుంది.

ఆ శ్రమ మాత్రం వృథా కాలేదు. ఇంటర్నెట్ ద్వారా పనిచేసే కొత్త రూపం 'డి.హెచ్.ఐ.ఎస్.2'ను మొదటిసారి 2006లో కేరళలో అమలుచేశారు. 2011లో కెన్యా దానిని దేశవ్యాప్తంగా ఆన్‌లైన్‌లో అమలుచేసింది. దాని మూల సంకేతాన్ని ఎవరైనా ఉచితంగా తీసుకుని మార్చుకోవచ్చు. దానితోపాటు ఆసియా, ఆఫ్రికా దేశాల యువకులు ఓస్లో సహకారంతో మాస్టర్స్ డిగ్రీలు, పిహెచ్.డి.లు చేసి, స్వదేశాలలో సాంకేతిక బృందాలుగా ఏర్పడ్డారు. నోరాడ్ డబ్బులో కొంత భాగం మనుషులను తయారుచేయడానికి వెళ్లిందన్న విషయం గమనించదగినది.

4. ప్రయోగాల మీద ప్రయోగాలు

అందరు దాతలూ ఇలా చేయలేదు. సెల్‌ఫోన్లు వ్యాపించాక ప్రతి దాతా తన సొంత యాప్, తన సొంత పట్టికలతో వచ్చాడు. ఉగాండాలో ఆరోగ్య రంగంలో ఇటువంటి చిన్న ప్రయోగాలు ఎంతగా పెరిగాయంటే, 2012 జనవరిలో అక్కడి ఆరోగ్య మంత్రిత్వ శాఖ వాటన్నిటినీ నిలిపివేయమని ఆదేశించింది. ప్రభుత్వ వ్యవస్థతో కలిసేవి, ప్రభుత్వం ఆమోదించినవి మాత్రమే సాగాలని షరతు పెట్టింది. సహాయం పుచ్చుకునే దేశం దాతలకు 'ఆగండి' అని చెప్పిన ఈ ఘట్టం మన చరిత్రలో ఒక మలుపు. తరువాత దాతలు తమలో తాము కొన్ని నియమాలు ఏర్పరచుకున్నారు. వాడేవారితో కలిసి రూపొందించాలి, ఉన్నదానిని మెరుగుపరచాలి, వ్యక్తుల గోప్యతను కాపాడాలి వంటి 9 సూత్రాలను వారు ఆమోదించారు.

5. రెండు పరీక్షలు: 2020, 2025

2020 జనవరిలో కరోనా భయం మొదలైనప్పుడు, శ్రీలంక నిపుణులు విదేశాల నుంచి వచ్చేవారిని నమోదు చేయడానికి డి.హెచ్.ఐ.ఎస్.2ను కొద్ది రోజులలోనే మలచుకున్నారు. ఆ నమూనాను ఇతర దేశాలు అందుకున్నాయి. చివరికి నార్వే మునిసిపాలిటీలు కూడా రోగుల సంబంధీకులను గుర్తించడానికి ఇదే వ్యవస్థను వాడుకున్నాయి. ఇచ్చిన చేయే తిరిగి పుచ్చుకుంది.

రెండవ పరీక్ష కఠినమైనది. 1961లో ఏర్పడిన అమెరికా సహాయ సంస్థ యు.ఎస్. ఎయిడ్ నిధులు 2025 జనవరిలో నిలిచిపోయాయి. జూలై 1 నాటికి ఆ సంస్థే పని ముగించింది. దాని నిధులతో 1984 నుంచి 90కి పైగా దేశాలలో సాగిన జనాభా, ఆరోగ్య సర్వేల కార్యక్రమం ఫిబ్రవరిలో అర్ధాంతరంగా ఆగింది. తరువాత మరో దాత కొంత ఆదుకున్నా, ఒక దేశపు శిశు మరణాల లెక్క మరో దేశపు రాజకీయ నిర్ణయం మీద ఆధారపడి ఉందన్న నిజం బయటపడింది. ఉచిత సాఫ్ట్‌వేర్ ఉన్నచోట కూడా సర్వర్ అద్దె, సాంకేతిక సిబ్బంది జీతాలు ఎవరో ఒకరు చెల్లించాలి. ఆ ఖర్చును సొంత బడ్జెట్‌లో చేర్చుకోని దేశాలు ఇబ్బంది పడ్డాయి. బావి తవ్వించి ఇచ్చినవారు చేద కూడా ఎప్పటికీ లాగరు కదా!

సారాంశం

ఒక భాగస్వామ్యాన్ని అంచనా వేసేటప్పుడు ఎన్ని కోట్లు ఇచ్చారు, ఎవరు ప్రారంభోత్సవం చేశారు అన్న వివరాల దగ్గర ఆగకండి. గడువు ముగిసిన తరువాతి పదేళ్లను చూడండి. పని తెలిసిన మనుషులు స్థానికంగా మిగిలారా? సాఫ్ట్‌వేర్‌ను మార్చుకునే హక్కు ఆ దేశానికి ఉందా? నిర్వహణ ఖర్చు ఎవరి బడ్జెట్‌లో ఉంది? ఈ మూడింటికీ సమాధానం ఉన్నచోట సహాయం వ్యవస్థగా మారింది. లేనిచోట అది ఒక పైలట్ ప్రాజెక్టుగానే ముగిసింది.

ఆలోచించండి

మీ ప్రాంతంలోని ఆరోగ్య ఉపకేంద్రంలోగాని, అంగన్‌వాడీలోగాని సిబ్బందితో మాట్లాడండి. వారు ట్యాబ్‌లోనో, ఫోన్‌లోనో నమోదు చేసే సమాచారంలో తిరిగి వారి పనికి ఉపయోగపడేది ఏది? పై మూడు ప్రశ్నలను ఆధారం చేసుకుని ఒక పేజీలో రాయండి.