రెండు చుక్కల నుంచి ఒక ఇనుప ముక్క దాకా: ఇంజిన్ టైమింగ్ కథ

మన ఓడీ చెరువు నుంచి కదిరి పోయే రోడ్డులో పోయిన నెల మా మామ కారు ఉన్నట్టుండి ఆగిపోయింది. టైమింగ్ బెల్ట్ తెగింది. షెడ్డుకు తోసుకుపోతే మెకానిక్ అన్న హెడ్ విప్పి, వంగిపోయిన వాల్వులు నాలుగు తీసి బెంచీ మీద పెట్టినాడు. "కొత్తవి నేను ఏస్తాప్పా. కానీ టైమింగ్ కట్టాలంటే దీనికి లాకింగ్ టూల్ కావాల, నా కాడ లేదు" అన్నాడు. ఇరవై ఏండ్లుగా ఇంజిన్లు విప్పుతున్న మనిషి, ఒక ఇనుప ముక్క లేక చేతులు కట్టుకుని కూర్చున్నాడు. ఈ ఇనుప ముక్క కథే ఈ ఎపిసోడ్.

బేసిక్స్ ఒక్క నిమిషం. క్రాంక్‌షాఫ్ట్ రెండు చుట్లు తిరిగితే క్యామ్‌షాఫ్ట్ ఒక్క చుట్టు తిరగాలి. క్యామ్ మీదుండే ఉబ్బు వాల్వును నొక్కి తెరుస్తుంది. పిస్టన్ పైకొచ్చే టైముకు వాల్వు తప్పుకోవాలి, లేదంటే చాలా ఇంజిన్లలో రెండూ గుద్దుకుంటాయి. క్యామ్ చక్రానికి 36 పళ్లు ఉన్నాయనుకోండి. ఒక్క పన్ను తప్పు పడితే క్యామ్ 10 డిగ్రీలు జరిగినట్టు, క్రాంక్ లెక్కలో 20 డిగ్రీలు. కోడ్‌లో అయితే ఎర్రర్ మెసేజ్ వస్తుంది. ఇక్కడ "టక్" మని శబ్దం వస్తుంది, అంతే.

మన వైపు పాత మెకానిక్కులకు ఇది బుల్లెట్ మీద అలవాటైన పని. 1955 నుంచి మద్రాసులో తయారైన ఆ బండిలో రెండు క్యామ్ గేర్లు ఉంటాయి. గేర్ల మీద గుర్తులు కొట్టి ఉంటాయి, వాటిని ఎదురెదురుగా కలిపితే టైమింగ్ కుదిరినట్టే. టూల్ అక్కర్లేదు, కళ్లుంటే చాలు.

మరి స్పోర్ట్స్ కార్లకు ఆ గుర్తులు ఎందుకు చాలలేదు? దీనికి ఇంగ్లండ్ పోవాల. రెండో ప్రపంచ యుద్ధం టైములో కోవెంట్రీ ఫ్యాక్టరీలో బాంబుల మంటలు పడతాయేమోనని ఇంజనీర్లు రాత్రిళ్లు కాపలా కాసేవాళ్లు. ఆ కాపలాలో మాట్లాడుకుంటూ గీసుకున్న ఇంజినే జాగ్వార్ ఎక్స్‌కే. 1948 అక్టోబరులో లండన్ మోటార్ షోలో ఎక్స్‌కే 120 కారుతో బయటికొచ్చింది. 3,442 సీసీ, ఆరు సిలిండర్లు, హెడ్ పైన రెండు క్యామ్‌లు, కింద ఒకటి పైన ఒకటి రెండు చైన్లు. చైన్ సాగినా, హెడ్‌ను కొంచెం చెక్కినా క్యామ్ కోణం జరిగిపోతుంది. అర పన్ను తేడా వస్తే? చుక్కలు పన్ను లెక్కలోనే చెప్తాయి కదా, అర పన్నును చెప్పలేవు.

జాగ్వార్ వాళ్లు చేసిన ఉపాయం నాకు భలే నచ్చింది. క్యామ్‌కు ముందు భాగంలో ఒక గాడి కోసినారు. ఆ గాడిలో కూర్చునే చిన్న గేజ్ ప్లేటే స్పెషల్ టూల్. ముందు పిస్టన్‌ను పైకి తెచ్చి (జాగ్వార్ వాళ్లు సిలిండర్లను వెనక నుంచి లెక్కబెడతారు, కాబట్టి ముందుది ఆరోది!), ప్లేటుతో క్యామ్‌ను సరైన కోణంలో పెడతారు. తర్వాత చక్రం బోల్టు రంధ్రాలు కలవకపోతే, మధ్యలో ఉండే సన్న పళ్ల బిళ్లను తీసి తిరగేసి పెడితే చాలు, కలుస్తాయి. క్యామ్‌ను కదల్చకుండానే! ఒక హెచ్చరిక కూడా ఉంది. చైన్ లేనప్పుడు క్యామ్‌లను విడివిడిగా తిప్పకూడదు. పూర్తిగా తెరుచుకున్న రెండు వాల్వులు ఒకదానికొకటి తగులుతాయి, పిస్టన్ దాకా పోనక్కర్లేదు.

1963లో ఫ్రాంక్‌ఫర్ట్ షోలో కనిపించిన పోర్షే 911 ఇంకో దారి పట్టింది. అక్కడ కోణం బదులు ఎత్తు కొలుస్తారు. ఇంటేక్ వాల్వు మీద డయల్ గేజ్ పెట్టి, పిస్టన్ పైకొచ్చినప్పుడు వాల్వు ఎన్ని మిల్లీమీటర్లు దిగిందో చూస్తారు. మోడల్‌ను బట్టి ఆ అంకె మారుతుంది. చక్రంలోనూ దాని వెనక ఫ్లాంజ్‌లోనూ రంధ్రాల సంఖ్య వేరు. ఎక్కడో ఒక చోటే రెండూ కలుస్తాయి, అక్కడ పిన్ను దోపుతారు. ఇంటర్‌లో వాడిన వెర్నియర్ కాలిపర్ గుర్తుందా? అదే ఐడియా, గుండ్రంగా. ఇంజిన్‌కు రెండు పక్కలా విడివిడిగా ఈ పని చేయాల.

మామ కారు సంగతికి వద్దాం. ఇప్పటి చాలా ఇంజిన్లలో క్యామ్ చక్రానికి తాళంలాంటి కీ కూడా ఉండదు. బోల్టు బిగింపుతోనే నిలబడుతుంది. చుక్కలు పోయినాయి. క్యామ్‌ను, క్రాంక్‌ను లాక్ చేసే పిన్నులూ ప్లేట్లూ లేకుండా ఆ బోల్టు వదులు చేస్తే ఏది ఎక్కడుందో చెప్పే దిక్కే లేదు. ఫ్యాక్టరీకి ఇది మేలు, ఖచ్చితంగా, తొందరగా బిగించవచ్చు. ఊరి షెడ్డుకు మాత్రం నష్టమే. ఒక్కో ఇంజిన్‌కు ఒక్కో సెట్ కొనాలంటే ఆయన ఎన్ని కొంటాడు?

మన దగ్గర ఇలాంటివి చేసే చేతులు లేక కాదు. సికింద్రాబాద్‌లో ప్రాగా టూల్స్ 1943లోనే మొదలైంది. బాలానగర్‌లో సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టూల్ డిజైన్ 1968 నుంచి ఉంది. మన పెనుకొండ పక్కన ఎర్రమంచిలో 2019 నుంచి కియా కార్లు వస్తున్నాయి. కొలతలు చేతికిస్తే ఆ ప్లేటును ధర్మవరంలో ఏ లేత్ షాపులోనైనా చేయగలరు. ఇచ్చేవాళ్లు లేరు, అదీ సంగతి.

చివరికి హిందూపురంలో తెలిసినాయన దగ్గర ఆ సెట్ దొరికింది, బస్సులో పంపించినాడు. ఒక్క మధ్యాహ్నం పని కోసం ఐదు రోజులు కారు షెడ్డులోనే. టూల్ వెనక్కి పంపే ముందు అన్న నన్ను పిలిచి, "నీ ఫోన్లో దీన్ని స్కేలు పక్కన పెట్టి నాలుగు పక్కలా ఫోటో తీయప్పా" అన్నాడు. తీసినా.