‘అద్దెకు ఇవ్వబడును’ – కర్త లేని వాక్యం



పోయిన భాగంలో వెట్టి గురించి రాశాను. వెట్టిచాకిరీల్లో దండోరా ఒకటి. ఈసారి ఆ దండోరా దగ్గర మొదలుపెట్టి, పేపర్ లోపలి పేజీల్లో రెండు మూడు లైన్లలో ఇరుక్కుని ఉండే చిన్న ప్రకటనల దాకా వద్దాం. ఇల్లు అద్దెకు, స్థలం అమ్మకానికి, సేల్స్ బాయ్స్ కావలెను వంటివి. మనలో చాలామందిమి పకోడీ పొట్లం విప్పాక చదివిన బాపతు అక్షరాలు అవి. వాటిలో కూడా కులం చరిత్ర ఉంది.

ముందు దండోరా. ఊళ్ళో శిస్తు కట్టమని చెప్పాలన్నా, చెరువు చేపలు వేలం వేయాలన్నా, ఎద్దు తప్పిపోయినా డప్పు కొట్టి చాటింది మన తాతలే. ఎక్కువ చోట్ల మాదిగలు, కొన్ని చోట్ల మాలలు. అచ్చు లేని రోజుల్లో ఊరికి ప్రకటనల పేజీ వాళ్ళ గొంతే. కానీ వేలంపాట ఎప్పుడో, ఎక్కడో ఊరంతటికీ చెప్పినవాడు ఆ పాటలో నిలబడి పాడేవాడు కాదు. కబురు మోసే పని మనది, కబురుతో బాగుపడే హక్కు ఇంకొకరిది. 1994లో ప్రకాశం జిల్లా ఈదుమూడిలో పుట్టిన మాదిగ ఉద్యమం దండోరా అనే పేరే ఎందుకు ఎత్తుకుందో ఇక్కడ ఆలోచించండి. అంతదాకా ఇతరుల సంగతి చాటిన డప్పు అప్పుడు సొంత సంగతి చాటింది.

తర్వాత అచ్చు వచ్చింది. అచ్చుకు కులం లేదు, డబ్బు కడితే ఎవరి ప్రకటనైనా వేస్తారు అనుకుంటాం. బాబాసాహెబ్ అనుభవం వేరు. 1920 జనవరి 31న ‘మూక్‌నాయక్’ మొదటి సంచిక వచ్చింది. ఆ పత్రిక వస్తోందని చెప్పే ప్రకటనను, డబ్బు ఇస్తామన్నా, తిలక్ స్థాపించిన ‘కేసరి’ వేయలేదని ఆయనే తర్వాత రాశారు. తిలక్ అప్పటికి బతికే ఉన్నారు. అంటే ప్రకటనల పేజీ కూడా ఒక అగ్రహారమే. అందులో అడుగు పెట్టాలంటే జేబులో డబ్బు ఉంటే చాలదు.

ఇక మన తెలుగు టౌన్లకు వద్దాం. 1974 ఆగస్టు 10న విశాఖపట్నంలో ‘ఈనాడు’ మొదలైంది. 1989లో జిల్లా ఎడిషన్లు పెట్టింది. రాబిన్ జెఫ్రీ 2000లో తెచ్చిన భారత భాషా పత్రికల చరిత్రలో ఈ మార్పు గురించి వివరంగా రాశాడు. లెక్క తేలికే. రాష్ట్రమంతా తిరిగే పేపర్లో ప్రకటన వేయడం తెనాలి చెప్పుల కొట్టుకో జగిత్యాల ట్యుటోరియల్‌కో తలకు మించిన ఖర్చు. పైగా తెనాలి కొట్టు సంగతి ఆదిలాబాద్ వాళ్ళకెందుకు? జిల్లా పేజీలు రాగానే రేటు చిన్న వ్యాపారికి అందింది. లైన్ల లెక్కన డబ్బు కట్టి ఇల్లు, స్థలం, పాత బండి, పనివాళ్ళు అన్నీ పేపర్లో వెతుక్కోవడం మొదలైంది.

దీన్ని తక్కువ చేసి చూడకూడదు. అంతకుముందు టౌన్లో ఇల్లు దొరకాలంటే తెలిసినవాళ్ళు ఉండాలి, ఉద్యోగం దొరకాలంటే సిఫారసు ఉండాలి. తెలిసినవాళ్ళు అంటే మన దేశంలో కులంవాళ్ళే. హాస్టల్లో చదువుకుని బయటికి వచ్చిన మన మొదటి తరం పిల్లలకు టౌన్లో తెలిసినవాళ్ళు ఎవరు? అలాంటి పిల్లవాడి చేతికి పేపర్ ఒక కొత్త మాట చెప్పింది: నువ్వు ఎవరివైనా సరే, ఈ నంబర్‌కు ఫోన్ చెయ్యి. పరాయివాడితో పరాయివాడు డబ్బు లెక్కన మాట్లాడుకునే బజారు తెరుచుకున్నట్టే కనిపించింది.

నిజంగా తెరుచుకుందా? సగం తెరుచుకుంది. పాత సైకిలు, లూనా, కుట్టుమిషను, ఫ్రిజ్ అమ్మేవాడు కొనేవాడి కులం అడగడు. డబ్బు లెక్కపెట్టుకుని తాళంచెవి ఇస్తాడు. కానీ ఆ బండి వేసుకుని అద్దె ఇంటికి వెళ్ళి చూడండి. మన డబ్బు వస్తువు దాకా చెల్లింది, గడప దాకా చెల్లలేదు. ఎందుకంటే బండి అమ్మేస్తే సంబంధం తెగిపోతుంది. ఇల్లు అద్దెకిస్తే ఒకే బావి, ఒకే వరండా, ఒకే గోడ. పనిలో పెట్టుకుంటే ఒకే గల్లాపెట్టె, ఒకే మంచినీళ్ళ కుండ. కులం కాపలా కాసేది సరిగ్గా అక్కడే.

ఇప్పుడు ఆ ప్రకటనల భాష చూడండి. ‘అద్దెకు ఇవ్వబడును.’ ‘అమ్మబడును.’ మన నోటి తెలుగులో ఎవరూ ఇలా మాట్లాడరు. ఎవరు ఇస్తారు? వాక్యంలో కర్త లేడు. ఎవరికి ఇస్తారు? అదీ లేదు. ఆ ఖాళీలో కొన్ని మాటలు చేరతాయి. ‘శాకాహారులకు మాత్రమే.’ ‘చిన్న కుటుంబం, మర్యాదస్తులకు.’ ‘ఉద్యోగస్తులకు ప్రాధాన్యం.’ వీటిలో ఒక్క మాటలోనూ కులం పేరు లేదు. అయినా మనలో ఎవరికి అర్థం కాలేదు చెప్పండి?

మిగిలింది ఫోన్లో పూర్తవుతుంది. ‘మీ పేరేంటండీ?’ ‘ఇంటిపేరు?’ ‘ఏ ఊరు?’ ‘ఊళ్ళో ఏ వైపు?’ ‘ఆదివారం చర్చికి వెళ్తారా?’ ఇన్ని ప్రశ్నలతో ఒక్క ప్రశ్న అడుగుతారు. జవాబు తెలిశాక ఇల్లు ఉన్నట్టుండి ‘నిన్ననే ఇచ్చేశామండీ’ అవుతుంది. మళ్ళీ ఆదివారం అదే ఇల్లు, అదే నంబర్, అదే పేపర్లో. ఈ చేదు నేనూ మింగాను, ఇది చదువుతున్న మీలో చాలామందీ మింగారు. 1917లో బరోడాలో కొలంబియాలో చదివి వచ్చిన అంబేద్కర్‌కు తలదాచుకునే చోటు దొరక్క పార్సీ పేరుతో సత్రంలో దిగాల్సి వచ్చింది. పదకొండో రోజున కర్రలతో వచ్చి వెళ్ళగొట్టారు. వందేళ్ళు దాటాక కర్రలు పోయాయి, మర్యాద వచ్చింది. ఇల్లు మాత్రం రాలేదు.

ఇదంతా మన అనుమానమే అనేవాళ్ళు ఉంటారు. వాళ్ళకు చెప్పడానికి రెండు పరిశోధనలు గుర్తుపెట్టుకోండి. ఒకటి సుఖదేవ్ థోరాట్, పాల్ అట్‌వెల్ 2007లో ఎకనామిక్ అండ్ పొలిటికల్ వీక్లీలో రాసినది. పెద్ద ఇంగ్లీషు పేపర్లలో వచ్చిన 548 ఉద్యోగ ప్రకటనలకు 66 వారాల పాటు 4,808 దరఖాస్తులు పంపారు. చదువు, అర్హతలు సమానం. తేడా పేరులోనే. ఒకటి అగ్రకుల హిందువు పేరు, ఒకటి దళితుడి పేరు, ఒకటి ముస్లిం పేరు. తర్వాతి దశకు పిలుపు వచ్చే అవకాశాన్ని అగ్రకుల పేరుకు 1 అనుకుంటే దళిత పేరుకు 0.67, ముస్లిం పేరుకు 0.33. అసలు మనిషిని చూడలేదు, మాట వినలేదు. కాగితం మీద పేరు ఒక్కటే చూశారు.

రెండోది 2015లో అదే పత్రికలో థోరాట్ బృందం రాసినది. ఢిల్లీ, దాని చుట్టుపక్కల టౌన్లలో అద్దె ఇళ్ళ కోసం మూడు వర్గాల పేర్లతో ఫోన్లు చేశారు. దళితుల్లో దాదాపు 18 శాతం మందికి, ముస్లింలలో 31 శాతం మందికి నేరుగా లేదన్నారు. ఇంకొంత మందికి అద్దె పెంచి, షరతులు పెట్టి ఒప్పుకున్నారు. ఇవి మహానగరాల లెక్కలు. మన టౌన్లలో పేరు దాకా పోనక్కర్లేదు, పేట పేరు చెబితే చాలు.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. అదే పేపర్లో, అదే రోజుల్లో ఇంకో రకం ప్రకటన వచ్చేది. జిల్లా కలెక్టర్ పేరుతో, సర్కారు ముద్రతో: ‘ఎస్సీ, ఎస్టీ బ్యాక్‌లాగ్ పోస్టుల భర్తీ.’ కింద రోస్టర్ పాయింట్లు, ఎస్సీ మహిళ, ఎస్సీ జనరల్ అని వివరంగా. కులం పేరు అచ్చులో స్పష్టంగా ఉన్న ప్రకటన అది. మనకు తలుపు తీసిన ప్రకటన కూడా అదొక్కటే. కులం ఊసెత్తని ప్రకటనలు మనల్ని గుమ్మం బయట నిలబెట్టాయి, కులం పేరు రాసిన ప్రకటన పిలిచి కూర్చోబెట్టింది. ‘కులం పేరెత్తడమే కులతత్వం’ అని మనకు నీతులు చెప్పేవాళ్ళకు ఈ రెండు ప్రకటనలూ పక్కపక్కన పెట్టి చూపించండి.

సర్కారు ప్రకటన కూడా ఊరికే రాలేదు. ఒకప్పుడు ఎంప్లాయ్‌మెంట్ ఎక్స్ఛేంజ్ పంపిన పేర్లనే పిలిచేవారు. మిగతావాళ్ళకు ఖాళీ ఉన్న సంగతే తెలిసేది కాదు. కృష్ణా జిల్లా ఎక్సైజ్ శాఖ ఉద్యోగాల కేసులో 1996లో సుప్రీంకోర్టు ఒక మాట చెప్పింది. ఎక్స్ఛేంజ్ నుంచి పేర్లు తెప్పించుకోవడంతో పాటు ఎక్కువమంది చదివే పేపర్లలో ప్రకటన ఇవ్వాలి, నోటీసు బోర్డులో పెట్టాలి, రేడియో, టీవీల్లో చెప్పాలి, దరఖాస్తు చేసిన అందర్నీ చూడాలి అని. అంటే ఖాళీ గురించి ఊరంతటికీ తెలియడం కూడా సమాన అవకాశంలో భాగమే. చట్టం భాషలో అది మన దండోరా.

అందుకే ఈరోజు ఔట్‌సోర్సింగ్‌ను మామూలు జీతాల గొడవగా చూడకండి. ఏజెన్సీ ద్వారా మనుషుల్ని తీసుకునేచోట చాలాసార్లు నోటిఫికేషనే ఉండదు. ఏజెన్సీవాడికి తెలిసినవాడి ద్వారా కబురు పోతుంది. మనం మళ్ళీ ‘తెలిసినవాళ్ళు’ ఉండాల్సిన రోజులకు వెళ్తున్నాం.

మరి ప్రైవేటు ప్రకటనల సంగతి ఏమిటి? ఇల్లు వాడిది, పేపర్ వాడిది, ఎవరేం చేస్తారు అంటారు. అమెరికా నల్లజాతి ప్రజల పోరాటం ఇక్కడ మనకు ఒక పాఠం చెబుతుంది. మార్టిన్ లూథర్ కింగ్ హత్య జరిగిన వారానికి, 1968 ఏప్రిల్ 11న, అక్కడ ఇళ్ళలో వివక్షను ఆపే చట్టం వచ్చింది. జాతి, మతం బట్టి ఇష్టాయిష్టాలు తెలిపే ఇంటి ప్రకటనను అచ్చు వేయడం కూడా చట్టవిరుద్ధమని అందులో ఉంది. మేరీల్యాండ్‌లో ‘ది కొరియర్’ అనే స్థానిక వారపత్రిక ‘తెల్లవారి ఇంట్లో’ అపార్ట్‌మెంట్ అద్దెకు అని ప్రకటన వేసింది. అది ఇంటి వర్ణన మాత్రమే, ఎవర్నీ రావద్దనలేదు కదా అని వాదించారు. 1972లో ఫెడరల్ అప్పీళ్ళ కోర్టు ఒప్పుకోలేదు. మామూలు పాఠకుడు దాన్ని చదివి ఏమని అర్థం చేసుకుంటాడు అన్నదే కొలత అంది. ఇంటివాళ్ళదే కాదు, అచ్చు వేసిన పత్రికది కూడా బాధ్యతేనని తేల్చింది.

ఆ కొలత మన ‘మర్యాదస్తులకు మాత్రమే’కు పెట్టి చూడండి.

మన దగ్గర చట్టం లేదా? ఉంది. 1955 పౌర హక్కుల పరిరక్షణ చట్టం సెక్షన్ 4 తెరిచి చదవండి. అంటరానితనం కారణంగా ఏ ప్రాంతంలోనైనా నివాసం ఉండకుండా అడ్డుకోవడం, ఉద్యోగానికి అడ్డుపడటం నేరాలని అందులో రాసి ఉంది. సెక్షన్ 7 ప్రకారం రాతతో గానీ మాటతో గానీ అంటరానితనాన్ని ప్రోత్సహించడమూ నేరమే. అన్నిటికంటే పదునైనది సెక్షన్ 12. బాధితులు ఎస్సీలైతే ఆ పని అంటరానితనం కారణంగానే జరిగిందని కోర్టు ముందే భావించాలి. కాదని రుజువు చేసుకోవాల్సింది అవతలివాళ్ళు. శిక్ష నెల నుంచి ఆరు నెలలు, జరిమానా 100 నుంచి 500 రూపాయలు. ఇవాళ ఆ 500 ఒక చిన్న ప్రకటన ఖర్చుకు సరిపోతుందో లేదో. ‘శాకాహారులకు మాత్రమే’ అనే ఒక్క మాట మీద కేసు నిలబెట్టడం కష్టమే. కానీ ప్రకటన చూసి ఫోన్ చేసిన మనిషిని కులం అడిగి, తెలిశాక కాదంటే, అది మాటల చాటున దాక్కునే విషయం కాదు.

విద్యార్థి మిత్రులకు ఒక పని చెబుతాను. మీ జిల్లా గ్రంథాలయంలో పాత పేపర్ల బైండ్లు ఉంటే ఒక సంవత్సరం ఎంచుకోండి. ఇళ్ళ ప్రకటనలు, ఉద్యోగాల ప్రకటనలు, సర్కారు నోటిఫికేషన్లు వేరువేరుగా రాసుకోండి. ఏ మాట ఏ సంవత్సరంలో వచ్చింది, ఎప్పుడు పోయింది, దాని చోట ఏం చేరింది, లెక్కపెట్టండి. ఎంఏ ప్రాజెక్టుకు ఇంతకంటే మంచి విషయం దొరకదు. కార్యకర్తలు ఇవాళ్టి ప్రకటనలు తేదీతో సహా దాచండి. ఇల్లు లేదన్న ఫోన్ ఏ రోజు, ఎన్ని గంటలకు, ఏమన్నారు అన్నది అదే రోజు రాసి పెట్టండి. రేపు స్టేషన్లో ఫిర్యాదు రాసేటప్పుడు మనకు ఇద్దరు సాక్షుల కంటే ఆ కాగితం ఎక్కువ పనికొస్తుంది.

‘ఇవ్వబడును’ అన్న మాటలో దాక్కున్న కర్త ఎవరో, ఎవరికి ఇవ్వబడదో రాయాల్సింది మనమే. మన తాతలు ఊరి కబుర్లన్నీ చాటారు. ఈ ఒక్క కబురు మిగిలిపోయింది.

జై భీమ్.