జనరేటర్ వీధిలో ఎన్నికలు

పొద్దున్నే ఎండ చురుక్కుమంటోంది. 2017 సెప్టెంబర్ 22, శుక్రవారం. ఈశాన్య సిరియాలోని కమిష్లో పట్నం. సెలవు రోజు కాబట్టి బజారులో షట్టర్లు దిగే ఉన్నాయి గానీ, మనం నిలబడ్డ ఈ వీధికి మాత్రం సందడి తగ్గలేదు. మూలమీద లారీ ఇంజినంత జనరేటర్ దడదడమంటోంది. దాన్నుంచి బయలుదేరిన తీగలు మన తలల మీదుగా ఇంటింటికీ పాకాయి. ఎన్ని ఆంపియర్లకు డబ్బు కడితే అంత కరెంటు. తక్కువ కట్టినవాళ్లకు నాలుగు బల్బులూ ఓ టీవీ. ఫ్రిజ్ నడవాలంటే ఇంకాస్త కట్టాలి. జనరేటర్ ఎన్ని గంటలు నడపాలి, డీజిల్ ఎవరు తేవాలి, లెక్క ఎవరు రాయాలి అన్నదే ఈ వీధిలో అసలు రాజకీయం. ఇవాళ్టి ఎన్నికలు కూడా దాని గురించే అంటే ఇక్కడ ఎవరూ నవ్వరు.

ఉత్తరం వైపు కాసేపు నడిస్తే రైలు పట్టాలు వస్తాయి. బాగ్దాద్ రైలుమార్గం కోసం వేసిన ఆ పట్టాలనే మొదటి ప్రపంచ యుద్ధం తర్వాత సరిహద్దుగా ఖాయం చేశారు. అవతల నుసైబిన్, టర్కీ. ఇవతల కమిష్లో, సిరియా. పెళ్లి సంబంధాలు మాత్రం అటూ ఇటూ కలిసే ఉన్నాయి. ఇప్పుడు మధ్యలో టర్కీ కట్టిన కాంక్రీటు గోడ. దక్షిణాన విమానాశ్రయం, ఊరి నడుమ కొన్ని ఆఫీసు వీధులు ఇంకా డమాస్కస్ సర్కారు చేతిలోనే ఉన్నాయి. అక్కడ హఫీజ్ అల్ అసద్ విగ్రహం చెక్కుచెదరకుండా నిలబడి ఉంది. కొందరు ఉద్యోగులు నెలనెలా ఆ వీధికి వెళ్లి జీతం తెచ్చుకుని, సాయంత్రానికి కుర్దుల అసాయిష్ పోలీసులు కాపలా కాసే వీధిలోని ఇంటికి చేరతారు. ఒకే పట్నంలో రెండు సర్కార్లు, గోడ అవతల మూడోది. ఎవరి చెక్‌పోస్టు ఎక్కడ మొదలవుతుందో ఇక్కడి చిన్నపిల్లలకు కూడా తెలుసు.

పదండి, లోపలికి వెళ్దాం. ఈ వీధుల సభను కమ్యూన్ అంటారు. కమ్యూన్ ఇల్లంటే మామూలు రెండు గదుల ఇల్లే. గుమ్మం మీద కుర్దు, అరబిక్, సిరియాక్ భాషల్లో బోర్డు. గోడ వారన ప్లాస్టిక్ కుర్చీలు, మూలన చలికాలం కోసం ఎదురుచూస్తున్న డీజిల్ పొయ్యి. ఎదురు గోడ మీద కుర్దు ఉద్యమ నాయకుడు అబ్దుల్లా ఓజలాన్ పటం, దాని పక్కన వరసగా యుద్ధంలో చనిపోయిన కుర్రాళ్ల, అమ్మాయిల ఫొటోలు. ఇరవై దాటని ముఖాలే ఎక్కువ. వాటి కిందే బల్ల, బల్ల మీద ఓట్ల పెట్టె. ఓటు వేయడానికి వచ్చిన వాళ్లలో ఎవరో ఒకరికి ఆ గోడ మీద కొడుకో మేనకోడలో ఉంటారు కాబట్టి, చాలామంది పెట్టె కన్నా ముందు గోడ వైపు చూస్తారు.

చేతికర్ర పట్టుకుని వచ్చిన ముసలావిడకు కుర్చీ జరిపి, “కూర్చో దాయే, తొందరేం లేదు” అంటోంది బల్ల దగ్గరి అమ్మాయి. ముసలావిడ కూర్చోలేదు. జాబితాలో తన పేరు ఎక్కడుందో చూపించమంది. అమ్మాయి వేలు పెట్టి చూపించింది. చదవడం వచ్చినట్టు లేదు గానీ ఆవిడ ఆ గీత మీద నుంచి చాలాసేపు కళ్లు తిప్పలేదు.

ఆ తరానికి కాగితం మీద పేరంటే ఏమిటో తెలియాలంటే 1962 అక్టోబర్ 5కు వెళ్లాలి. ఆ ఒక్కరోజులో హసకా రాష్ట్రమంతటా జనాభా లెక్కలు తీశారు. 1945కు ముందునుంచీ సిరియాలో ఉంటున్నట్టు రుజువు చూపించమన్నారు. పొలంలో ఉన్నవాళ్లు, రుజువులు లేనివాళ్లు, లెక్కల కాగితం అంటే పన్నుకో పటాలానికో అని భయపడి దాక్కున్నవాళ్లు అందరూ సాయంత్రానికి పరాయివాళ్లయిపోయారు. ఇంచుమించు లక్షా ఇరవై వేల మంది కుర్దులు పౌరసత్వం పోగొట్టుకున్నారు. ఒకే కడుపున పుట్టిన అన్న పౌరుడు, తమ్ముడు విదేశీ. వీళ్లలో విదేశీయులుగా రాసుకున్నవాళ్లకు కనీసం ఓ ఎర్ర కార్డు ఉండేది. ఏ పద్దులోనూ లేనివాళ్లను మక్తూమ్ అన్నారు. వాళ్లకు అదీ లేదు. పొలం తమ పేర రాయించుకోలేరు, పెళ్లి నమోదు చేసుకోలేరు, సర్కారు కొలువు ఊసే లేదు. ఆ శాపం బిడ్డలకూ వారసత్వంగా వచ్చింది. 2011లో దేశమంతా తిరగబడుతున్నప్పుడు, కుర్దులు కూడా వీధుల్లోకి వస్తారన్న భయంతో అధ్యక్షుడు బషర్ అల్ అసద్ ఏప్రిల్‌లో ఒక ఉత్తర్వు తెచ్చి విదేశీ పద్దులో ఉన్నవాళ్లకు పౌరసత్వం ఇచ్చాడు. మక్తూమ్‌లను అప్పుడూ వదిలేశాడు. ఐదు దశాబ్దాలు మొండికేసిన పని ఒక్క సంతకంతో అయిపోవడం చూసి ఇక్కడి జనం సంతోషించారో, మండిపడ్డారో చెప్పడం కష్టం. రెండూ జరిగి ఉంటాయి.

ముసలావిడ చీటీ పెట్టెలో వేసింది. ఎవరికి వేసిందో అడగకుండానే చెప్పేసింది. గదిలో నవ్వులు.

ఇంతకీ ఎన్నుకునేది ఎవరిని? పార్లమెంటు సభ్యుణ్ణి కాదు, మేయర్ని కూడా కాదు. ఈ నాలుగు వీధుల కమ్యూన్‌కు ఇద్దరు సహాధ్యక్షులను. ఒకరు ఆడ, ఒకరు మగ. ఇవాళ ఈ ప్రాంతమంతా కలిపి సుమారు 3,700 కమ్యూన్లలో 12 వేల మందికి పైగా పోటీలో ఉన్నారు. కమ్యూన్ పైన పేట సభ, దాని పైన జిల్లా, ఆపైన ప్రాంతం. కింద మాత్రం కమిటీలు: ఆరోగ్యానికొకటి, చదువుకొకటి, కాపలాకొకటి, రాజీలకొకటి. కాపలా కమిటీ అంటే రాత్రి వీధి చివర తుపాకీ భుజాన వేసుకుని నిలబడే ఇరుగుపొరుగే. మనవలున్న ఆడవాళ్లు కూడా ఆ వంతుకు వస్తారు. 2016 జూలైలో ఇదే ఊళ్లో ఐసిస్ లారీ బాంబు 40 మందికి పైగా ప్రాణాలు తీశాక, తెలియని బండి వీధిలోకి వస్తే ఆపి అడగడానికి ఎవరూ మొహమాటపడరు.

బయట అరుగు మీద టీ గ్లాసులు తిరుగుతున్నాయి. పోటీలో ఉన్న ఒక నడివయసు మనిషి చుట్టూ నలుగురు చేరారు. ఆయన ప్రజాస్వామ్యం మీద ఉపన్యాసం ఇస్తాడేమో అని చూస్తాం. ఆయన చలికాలం డీజిల్ గురించి మాట్లాడుతున్నాడు. పోయినేడు పీపాలు ఆలస్యంగా వచ్చాయి, ముందు ఎవరికి ఇవ్వాలన్న జాబితా తారుమారైంది, ఈసారి ముసలివాళ్లున్న ఇళ్లకూ పసిబిడ్డలున్న ఇళ్లకూ మొదట అంటున్నాడు. “మీ బావమరిది ఇల్లు ఏ జాబితాలో ఉందో అది కూడా చెప్పు” అందొకావిడ, గ్లాసు కింద పెట్టకుండానే. ఆయన ముఖం ఎర్రబడింది. నాకు తెలిసి ఎన్నికల ప్రచారంలో ఇంతకన్నా సూటి ప్రశ్న ఉండదు. ఎవరి పీపా ఎవరింటికి వెళ్లిందో కళ్లారా చూసిన మనిషి అడుగుతోంది మరి.

ఆవిడకు ఆ ధైర్యం ఊరికే రాలేదు. రెండు వీధుల అవతల ఆడవాళ్ల ఇల్లుంది. మాలా జిన్ అంటారు. ఈ ఊళ్లో మొదటిది 2011లో పెట్టారు. తాగొచ్చి కొట్టే మొగుడు, పిల్లలను లాక్కున్న అత్తింటివాళ్లు, పదిహేనేళ్ల పిల్లకు పెళ్లి కుదిర్చిన తండ్రి — ఈ తగాదాలన్నీ కోర్టుకు పోకముందు అక్కడికే వస్తాయి. 2014 నవంబర్‌లో ఈ ఊరున్న జజీరా ప్రాంతపు పాలనామండలి, భార్య ఉండగా రెండో పెళ్లినీ బాల్యవివాహాన్నీ నిషేధించి, ఆస్తిలో ఆడపిల్లకు సమాన వాటా అంది. చట్టం రాసుకోవడం తేలికే. అది అమలయ్యేది మాత్రం పేట మగవాళ్లందరూ గుర్తుపట్టే నలుగురు ఆడవాళ్లు ఆ తండ్రి ఇంటికి వెళ్లి, టీ తాగి, లేవకుండా కూర్చున్నప్పుడే. ఇక్కడి స్వపరిపాలనలో నాకు అన్నిటికన్నా గట్టిగా కనిపించేది ఇదే. మిగతావన్నీ యుద్ధం తెచ్చినవి, యుద్ధం తీసుకుపోగలిగినవి.

ఈ కమ్యూన్ల ఆలోచన వచ్చిన దారి కూడా విచిత్రమే. 1999 ఫిబ్రవరిలో నైరోబీలో పట్టుబడి టర్కీలోని ఇమ్రాలి దీవి జైల్లో పడ్డ ఓజలాన్, అక్కడ అమెరికా రచయిత మరే బుక్చిన్ పుస్తకాలు చదివాడు. అప్పటిదాకా ప్రత్యేక కుర్దు రాజ్యం కోసం తుపాకీ పట్టిన పార్టీ నాయకుడు, రాజ్యమే అక్కర్లేదు, పేటల సభలు చాలు అనడం మొదలుపెట్టాడు. 2005లో దానికి ప్రజాస్వామిక సమాఖ్యవాదం అని పేరు పెట్టాడు. 2012 జూలైలో అసద్ సైన్యాలు ఉత్తరాదిని చాలావరకు వదిలి వెళ్లినప్పుడు ఆ ఖాళీలోకి ఈ ఆలోచన దిగింది. సభలే పైచేయి అని చెప్పే ఉద్యమం గదిగదిలో ఒకే మనిషి పటం ఎందుకు పెట్టుకుంటుంది? ఆ ప్రశ్న ఇక్కడ అడిగితే కోపం రాదు, ఓపికైన జవాబు వస్తుంది. నాకు ఆ జవాబు చాలలేదు.

ఎదురింటి అరుగు మీద కూర్చున్న మనిషి పొద్దుటి నుంచి లేవలేదు. ఓటు వేయడం లేదు. ఆయన కుర్దుల జాతీయ మండలి పార్టీల మనిషి. వాళ్లు ఈ ఎన్నికలను బహిష్కరించారు. “ఓటు వేస్తే గెలిచేది ఎవరో నాకు తెలుసు, వేయకపోయినా వాళ్లే” అంటున్నాడు. పక్కనే ఉన్న అమూదాలో 2013 జూన్‌లో నిరసనకారుల మీద ఈ పాలన సేన వైపీజీ కాల్పులు జరిపింది. మనుషులు చనిపోయారు. 2014 జూలైలో 18 నుంచి 30 ఏళ్ల మగవాళ్లకు సైనిక విధి తప్పనిసరి చేశారు. ఈ ఏడాది మార్చిలో ఆయన పార్టీల ఆఫీసులు చాలావాటిని మూసేశారు. కొడుకును జర్మనీ పంపించేశాడట. అయినా ఆయన ఇంటికి కరెంటు వచ్చేది ఆ జనరేటర్ నుంచే, చలికాలం డీజిల్ వచ్చేది ఆ కమ్యూన్ జాబితా నుంచే. టీ తీసుకొచ్చిన కుర్రాడి దగ్గర ఆయన గ్లాసు అందుకున్నాడు. “మామో, చక్కెర?” “రెండు.”

మధ్యాహ్నానికి జనం పలచబడ్డారు. ఇంట్లో టీవీలో రక్కా వార్తలు. జూన్‌లో ఐసిస్ మీద మొదలైన పోరు అక్కడ ఇంకా సాగుతోంది. ఈ వీధి కుర్రాళ్లు కొందరు ఇప్పుడు ఆ శిథిలాల మధ్య ఉన్నారు. అమెరికా విమానాలు పైనుంచి బాంబులు వేస్తున్నాయి. రక్కా మీదికి వెళ్లాలా వద్దా అన్నది ఈ గదిలో ఎవరూ ఓటు వేసి తేల్చలేదు. రుమేలాన్ చమురు బావుల లెక్కలు కూడా ఈ గదికి రావు. డీజిల్ పీపా ఎవరికి అన్నది కమ్యూన్ చేతిలో ఉంది, చమురు ఎవరికి అన్నది లేదు. ఏళ్ల తర్వాత, 2025 మార్చి 10న డమాస్కస్‌లో కుర్దుల సేనాధిపతి మజ్లూమ్ అబ్దీ, అసద్ పతనం తర్వాత గద్దెనెక్కిన అహ్మద్ అల్ షరా ఒక ఒప్పందం మీద సంతకం చేస్తారు. సైన్యం, సరిహద్దు ద్వారాలు, విమానాశ్రయం, చమురు బావులు, కుర్దుల పౌరసత్వం అన్నీ అందులో ఉంటాయి. ఆ ఎనిమిది అంశాల్లో కమ్యూన్ అన్న మాట ఉండదు.

చీకటి పడ్డాక పెట్టె తెరిచారు. చీటీ ఒక్కొక్కటే విప్పి పేరు గట్టిగా చదువుతున్నారు. జనరేటర్ మధ్యలో ఆగిపోయింది. ఫోన్ల వెలుతురులో లెక్క సాగింది. బావమరిది ప్రశ్న అడిగినావిడే గెలిచింది. మగ సహాధ్యక్షుడిగా గెలిచింది మాత్రం డీజిల్ ఉపన్యాసం ఇచ్చినాయన కాదు, మాట్లాడకుండా పొద్దుటి నుంచి కుర్చీలు సర్దిన బడిపంతులు.

మూడు రోజుల తర్వాత, సెప్టెంబర్ 25న, టిగ్రిస్ నది అవతల ఇరాక్ కుర్దిస్తాన్‌లో ఇంకో ఓటింగు. అక్కడి ప్రశ్న చాలా పెద్దది: స్వతంత్ర దేశం కావాలా? 92 శాతానికి పైగా అవునన్నారు. అక్టోబర్ 16న ఇరాక్ సైన్యం కుర్దుల చేతిలో ఉన్న కిర్కుక్‌లోకి దూసుకొచ్చింది, దేశం మాట వెనక్కి పోయింది. ఇటు వైపు డిసెంబర్ 1న రెండో విడత జరిగింది. మూడో విడత జనవరిలో జరగాలి. జరగలేదు. 2018 జనవరి 20న టర్కీ సైన్యం, దాని వెంట సిరియా తిరుగుబాటు ముఠాలు వాయవ్య సిరియాలోని కుర్దు ప్రాంతం ఆఫ్రిన్ మీద పడ్డాయి. మార్చి 18న ఆఫ్రిన్ పట్నం పోయింది. నడిబొడ్డున ఉన్న కుర్దుల పురాణ వీరుడు కమ్మరి కావా విగ్రహాన్ని కూలదోశారు. లక్ష మందికి పైగా ఆలివ్ తోటలు, ఇళ్లు వదిలి పొరుగునున్న షహబా ప్రాంతం వైపు నడిచారు.

అక్కడ వేసుకున్న డేరాల్లోనే కమ్యూన్లు మళ్లీ పెట్టుకున్నారు. మనం ఇప్పుడు ఆ డేరాల మధ్య ఉన్నాం. వాన పడి నేలంతా బురద. ప్లాస్టిక్ కుర్చీలు లేవు, డబ్బాల మీద, బస్తాల మీద కూర్చున్నారు. ఒకావిడ నోటుబుక్కు మోకాలి మీద పెట్టుకుని రాస్తోంది. నీళ్ల ట్యాంకర్ రోజుకొక్కసారే వస్తుంది. అది మొదటి వరస దగ్గర ఆగితే చివరి వరసకు చుక్క మిగలడం లేదు. రోజుకో వరస నుంచి మొదలుపెట్టాలని ఒకరు, పిల్లలు ఎక్కువున్న వరసకే ముందు ఇవ్వాలని ఇంకొకరు. మా వరసలో ముసలివాళ్లున్నారు, వాళ్లకు దాహం వేయదా అని మూడో గొంతు. చేతులెత్తమన్నారు. రోజుకో వరస అన్నదే నెగ్గింది. ఓడినాయన ఒప్పుకోలేదు. పిల్లల సంఖ్య రాసుకురాలేదేం, అది లేకుండా ఓటు ఎలా పెడతారు అని నోటుబుక్కావిడ మీద కేకలేస్తున్నాడు. రేపు లెక్క తెస్తే మళ్లీ పెడదాం అంటోంది ఆవిడ, కొత్త పేజీ తిప్పుతూ.