పనికుక్కయు, ప్రదర్శనకుక్కయు

ఎద్దుల సంతకు పోయిన పెద్దరైతు ఏమి చేయునో మీకు నేను చెప్పవలసిన పనిలేదు. ముందు పండ్లు చూచును. పిదప మూపురము, గిట్టలు, సుడులు, తోక చూచును. ఇన్ని చూచియు, సొమ్ము చేతిలో పెట్టకమునుపు కాడి కట్టి నాలుగు బారలు లాగించి చూచును. కంటికి నచ్చిన గిత్త కాడిక్రింద కూలబడుట ఎఱుగని రైతు లేడు. కంటిచూపు ఒక పరీక్ష. పని మఱియొక పరీక్ష. ఈ రెండింటిలో దేనికి ఎక్కువ విలువ ఈయవలెనను ప్రశ్న ఇంగ్లాండు దేశమున కుక్కల విషయమై పుట్టి, నూఱేండ్లకు పైబడి నేటికిని నడచుచున్నది. దానికంటె పాతది మఱియొక తగవు కలదు. వేటకుక్కను ఉంచుకొను హక్కు ఎవరిదను తగవు అది. ఈ రెండు తగవుల చరిత్రమును నేడు మీకు విన్నవింపదలచితిని.

ఆ దేశమున పల్లెవారు పనికై పెంచిన కుక్కలలో టెర్రియరు, లర్చరు అనునవి ముఖ్యములు. లాటిను భాషలో ‘టెర్రా’ అనగా నేల. నేలలోనికి దూరు కుక్క గనుక టెర్రియరు అను పేరు వచ్చినది. అచ్చటి గుంటనక్క కోళ్లకును, అప్పుడే పుట్టిన గొఱ్ఱెపిల్లలకును శత్రువు. అది బొరియలో దాగినప్పుడు పెద్దకుక్కలు వెలుపల నిలిచి మొఱుగుట తప్ప వేఱేమియు చేయజాలవు. అప్పుడు టెర్రియరును లోనికి విడుచుచుండిరి. అది చీకటిలో, వెనుకకు తిరుగుటకైనను చోటు లేని యిరుకున, నక్కకు ఎదురుగా నిలిచి ఆగక మొఱుగవలెను. ఆ మొఱుగుడునకు నక్క వేఱొక కంతనుండి వెలుపలికి పరుగెత్తును. లేనిచో పైనున్నవారు నేలకు చెవియొగ్గి, ధ్వని వచ్చు తావు కనిపెట్టి పారలతో త్రవ్వుదురు. కాబట్టి మంచి టెర్రియరునకు ధైర్యము, గొంతు, ఇరుకైన ఱొమ్ము కావలెను. ముందుకాళ్ల వెనుక ఱొమ్మును మనుష్యుడు రెండుచేతులతో చుట్టి పట్టినచో వ్రేళ్లు కలియవలెనని వారి కొలత. నక్క దూరిన కంతలో దూరలేని కుక్క యెంత ధైర్యము కలదైనను వ్యర్థమే. మిక్కిలి కఱచు కుక్కయు మంచిది కాదు. అది మొఱుగుట మాని పెనగులాడును, పైవారికి జాడ తెలియదు, తానును గాయపడును.

లర్చరు జాతి కాదు, కలయిక. గ్రేహౌండు అను జాగిలము కంటితో చూచి తఱుమును. దాని వేగము గొప్పది. కాని దమ్ము తక్కువ, చర్మము పలుచన. గొఱ్ఱెలకాపరి కుక్కకు అంత వేగము లేదు. తెలివియు, మాట వినుటయు, చలికి ఓర్చు బొచ్చును కలవు. ఈ రెండింటిని జతకూర్చి, పుట్టినదానిని మరల గ్రేహౌండుతో కలిపి, మూడుపాళ్లు వేగమును, ఒకపాలు తెలివియు కలుగునట్లు చేయుట వాడుక. అది కుందేటివెంట మొఱుగక పరుగెత్తి, పట్టినదానిని యజమానుని చేతికి తెచ్చి యిచ్చును. ‘లర్చ్’ అను పాతమాటకు పొంచియుండుట అని అర్థము. 1570 లో జాన్ కైయస్ అను వైద్యుడు బ్రిటను దేశపు కుక్కలనుగూర్చి లాటినున ఒక గ్రంథము ప్రకటించెను. నేలలో దూరు కుక్కయు, రాత్రివేళ చప్పుడు లేక కుందేళ్లను పట్టు దొంగకుక్కయు అందు వర్ణింపబడినవి.

కుక్కకు దొంగ అను పేరు ఎట్లు వచ్చెను? అది తెలియుటకు ఆ దేశపు చట్టములను చూడవలెను. 1066 లో ఇంగ్లాండును జయించిన నార్మను రాజులు పెద్దపెద్ద ప్రదేశములను తమ వేటకై ప్రత్యేకించిరి. అచ్చటి జింకలు రాజుసొత్తు. ఆ హద్దులలో కాపురముండు పల్లెవాని కుక్క జింకను తఱుమకుండుటకై దాని ముందుకాలి గోళ్లు మూడు నఱకుచుండిరి. బాలుడైన మూడవ హెన్రీ పేర 1217 లో వెలువడిన అటవీశాసనము ఈ క్రూరాచారమును మాన్పలేదు, హద్దులో పెట్టినది. పరీక్ష మూడేండ్లకొకసారి జరుగవలెను. గోళ్లే కాని పాదపు మెత్త నఱకరాదు. నఱకని కుక్క దొరకినచో జరిమానా మూడు షిల్లింగులు. ప్రజలకు మేలుచేసిన శాసనమని పేరొందిన దానియందే యిట్టి నిబంధన యున్నదనిన, అంతకుముందటి స్థితిని మీరే ఊహింపవచ్చును.

1381 లో పన్నుల భారము తాళలేక ఆ దేశపు రైతులు తిరుగబడిరి. తొమ్మిదేండ్లకు, 1390 లో, రెండవ రిచర్డు ప్రభుత్వము క్రొత్త చట్టము చేసెను. సాలీనా నలువది షిల్లింగుల ఆదాయము వచ్చు భూమి లేనివాడు వేటకుక్కను ఉంచుకొనరాదు. ఉంచుకొనినచో ఒక యేడు చెఱ. పండుగనాడు మంచివారు ప్రార్థనాలయమున నుండగా, కూలివారును చేతిపనివారును వేటనెపమున గుమిగూడి కుట్రలు చేయుచున్నారని ఆ చట్టము కారణము చెప్పినది. కుందేటిమీది ప్రేమకంటె గుంపును చూచిన భయమే అందు ఎక్కువగా కనబడుచున్నది.

ఈ కట్టుబాటు తగ్గుటకు మాఱు పెరిగెను. 1671 నాటి చట్టము ప్రకారము సాలీనా నూఱు పౌనుల ఆదాయము గల సొంతభూమి యున్నవారు, వారితో సమానులైన మఱికొందఱు మాత్రమే వేటాడవచ్చును. తక్కినవారు ఉంచుకొనరాని వస్తువుల పట్టికలో తుపాకి, వల, గ్రేహౌండులతోపాటు లర్చరును పేరు పెట్టి చేర్చిరి. ఆ కాలమున పార్లమెంటునకు ప్రతినిధిని ఎన్నుకొను హక్కునకు నలువది షిల్లింగుల ఆదాయము చాలును. నూఱు పౌనులనగా రెండువేల షిల్లింగులు. ఓటు వేయుటకంటె ఒక పక్షిని చంపుటకు ఏబదిరెట్లు ఆస్తి కావలసివచ్చెనని న్యాయశాస్త్రవేత్త బ్లాక్‌స్టన్ ఆక్షేపించెను.

తన దొడ్డిలోని కూరమొక్కలను కుందేళ్లు కొఱికి తినుచుండగా, ఆ కుందేటిని తాను తినరాదనిన పేదవాడు ఊరకుండునా? గ్రేహౌండు కనబడిన అధికారి పట్టుకొనిపోవును. గొఱ్ఱెలు తోలు కుక్కవలె బొచ్చు పెరిగియున్న లర్చరును చూచి సందేహించును. అందువలననే ఈ కలయిక ప్రబలినదని పల్లెవారు చెప్పుదురు. చట్టము పట్టికలో చేర్చినను లర్చరు నశింపలేదు. 1828 నాటి రాత్రివేట చట్టముచే మూడవమాఱు పట్టుబడినవానిని ఏడేండ్లు సముద్రము దాటించి ద్వీపాంతరమునకు పంపవచ్చును. అయినను పిల్లల ఆకలి చట్టము వినలేదు. ఆస్తి అర్హత 1831 లో తొలగి, రుసుము చెల్లించి అనుమతిచీటీ పొందినవారెల్లరు వేటాడవచ్చునను పద్ధతి వచ్చెను. కౌలురైతునకు తాను దున్ను నేలపై కుందేటిని చంపు హక్కు 1880 లో గాని లభింపలేదు.

ఇక మొదట చెప్పిన ప్రశ్నకు వత్తము. 1795 లో డెవన్ మండలమున జాన్ రస్సెల్ అను నతడు పుట్టెను. ఆయన 1819 లో ఆక్సుఫర్డున విద్యార్థిగా నుండగా, ఒక పాలవానియొద్ద ట్రంపు అను ఆడుకుక్కను చూచి అప్పటికప్పుడే కొనెను. ఒడలు తెలుపు, కన్నులమీదను చెవులమీదను గోధుమవన్నె మచ్చలు, తోక మొదట కాసంత మచ్చ. పిదప ఆయన క్రైస్తవ పురోహితుడై, స్విమ్‌బ్రిడ్జి గ్రామమున పెక్కేండ్లు పనిచేయుచు, ఆ కుక్క సంతతిని వృద్ధిచేసెను. నక్కను చంపు కుక్క ఆయనకు అక్కఱలేదు. బొరియనుండి వెడలగొట్టి, గుఱ్ఱములవెంట దినమెల్ల నడచు కుక్క కావలెను. తెల్లని రంగును కోరుటకును కారణము కలదు. మన్ను కొట్టుకొని వెలుపలికి వచ్చిన కుక్కను నక్కయని భ్రమసి తక్కిన వేటకుక్కలు మీదపడకుండుటకు తెలుపు ఉపకరించును.

ఆయన ముసలితనమున దేశములో క్రొత్త వేడుక బయలుదేరెను. 1859 లో న్యూకాజిల్ పట్టణమున అఱువది వేటకుక్కలతో మొదటి శునకప్రదర్శన జరిగెను. బహుమానములుగా తుపాకు లిచ్చిరి. రైళ్లు ప్రబలుటచే కుక్కలను దూరప్రదేశములకు కొనిపోవుట సులభమై, ఏటేట ప్రదర్శనలు హెచ్చెను. 1873 లో కెన్నెల్ క్లబ్బు అను సంఘము ఏర్పడి, మఱుసటి యేట వంశావళి పుస్తకమును ప్రకటించెను. రస్సెల్ కూడ ఆ సంఘమున చేరెను. కాని తన కుక్కలను పందెమునకు పెట్టలేదు. 1876 లో ఫాక్సుటెర్రియరు పెంచువారు ప్రత్యేకముగా సంఘము కట్టుకొని, ఆ జాతికి ఉండవలసిన రూపమును అంగాంగముగా వ్రాసిపెట్టిరి.

వ్రాసిన కొలతలో తప్పు లేదు. తప్పు కొలతకు లొంగనివానిని మఱచుటలో నున్నది. పరీక్షకుడు తల పొడవును, చెవి మడతను, కాలి నిలువును చూడగలడు. చీకటి బొరియలో గుండె నిలుచునో లేదో చూడలేడు. బహుమానము పొందిన మగకుక్కకే అందఱును తమ ఆడుకుక్కలను కట్టించిరి. కొన్ని తరములకు ప్రదర్శనలలోని ఫాక్సుటెర్రియరు సుద్దపొడి అద్దిన తెల్లని బొచ్చుతో చక్కదనముగా నిలిచెను. నేలలో దూరు పని మాత్రము చాలవఱకు మఱచెను. రస్సెల్ 1883 లో గతించెను. ఆయన పేర పిలువబడు పొట్టి టెర్రియర్లు గుఱ్ఱపుశాలలందును రైతుల దొడ్లయందును ఎలుకలు పట్టుచు, ఏ పుస్తకమునకును ఎక్కక నిలిచినవి. వాటి క్షేమమునకై 1974 లో ఏర్పడిన సంఘము కెన్నెల్ క్లబ్బు గుర్తింపు వలదని పోరాడెను. అయినను క్లబ్బువారు ఒక శాఖను 1990 లోను, మఱియొకదానిని 2016 లోను తమ పట్టికలో చేర్చుకొనిరి. లర్చరును మాత్రము ఎవ్వరును పుస్తకమునకు ఎక్కింపలేకపోయిరి. ప్రతి తరమునందును క్రొత్తగా కలిపి చేయుదానికి వంశావళి యేమున్నది? దానికిని పల్లెతిరునాళ్లలో ప్రదర్శన లున్నవి. ఇరువదిమూడు అంగుళముల ఎత్తునకు పైనివి వేఱుగను, క్రిందివి వేఱుగను నిలిపి చూచి, పరుగునకును దుముకుటకును పందెములు పెట్టుదురు.

పుస్తకమువలన లాభమును లేకపోలేదు. టెర్రియర్లలో కంటిలోని కటకము తావు తప్పి గ్రుడ్డితనము కలుగు వ్యాధి యొకటి తలిదండ్రులనుండి పిల్లలకు వచ్చును. నేడు దానిని జన్యుపరీక్షచే ముందే కనుగొనవచ్చును. దోషము మోయుచున్న కుక్కను దోషము లేనిదానితోనే జతకూర్చినచో పిల్లలకు వ్యాధి రాదు. తాత ముత్తాతలు తెలిసినవానికి ఈ జాగ్రత్త మఱింత సులభము.

పోషణవిషయమున పాతవారి పద్ధతులు నేటికిని మంచివే. ఆడుకుక్క మొదటి ఎదకే కట్టింపక, ఒడలు నిండిన పిమ్మట కట్టింతురు. చూలు సుమారు అఱువదిమూడు దినములు. పిల్లలను ఎనిమిది వారములలోపల తల్లినుండి విడదీయరు. ఏడాది నిండని టెర్రియరును బొరియలోనికి విడువరు. తొలినాడే దెబ్బతిన్న కుక్క జన్మమంతయు జంకును. పని ముగిసినంతనే కన్నులలోని మన్ను కడిగి, గాయములు తుడిచి, కాలివ్రేళ్ల నడుమ ముండ్లు చూచి, పిదప గాని యజమానుడు తన భోజనమునకు కూర్చుండడు. లర్చరునకు క్రొవ్వు తక్కువ గనుక పొడి పడక కావలెను. పరుగునకు ముందు కడుపునిండ పెట్టరాదు. బొరియలో చిక్కిన కుక్క తావు తెలియుటకై దాని మెడకు చిన్న రేడియో పట్టెడ కట్టుట యిటీవలి పద్ధతి.

2004 లో చేసిన చట్టము 2005 ఫిబ్రవరి 18 నుండి ఇంగ్లాండు, వేల్సు దేశములలో అమలునకు వచ్చి, కుక్కలతో అడవిజంతువులను వేటాడుట మాన్పించెను. ఎలుకలకును, నేల యజమానుని అనుమతితో బొరియకుందేళ్లకును మినహాయింపు కలదు. టెర్రియరును నేలలోనికి విడుచుటకు మిగిలిన అవకాశము చాల స్వల్పము. దీనిని కొందఱు పల్లెవారు పాత రాజుల చట్టముతో పోల్చి నిందించిరి. ఆ పోలిక సరికాదని నా తలంపు. పాతచట్టము జింకను ప్రభువుల పళ్లెమునకై కాపాడెను. క్రొత్తచట్టము జంతువు పడు బాధను తలచి చేయబడెను. మన దేశముననుకూడ 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టముచే ఇట్టి వేట నేరమేయని యెఱుగుదురు గాక. అయినను పనికై పుట్టిన జాతికి పని పోయినప్పుడు, ఆ కుక్క యేమగునను ప్రశ్న నిలిచియే యున్నది. దానికి ఎలుకలపని, పరుగుపందెము, వాసనపట్టు పని చూపినవారు దానిని కాపాడుకొనుచున్నారు. ముచ్చటకు కొని గదిలో కట్టివేసినవారి యింట అదే కుక్క తలుపులు గీరి, నిద్ర లేక, పిచ్చిదను పేరు మోయుచున్నది.

ఈ మాట మనకు దూరమైనది కాదు. మన ఒంగోలు గిత్తలు ఓడలెక్కి బ్రెజిలునకు పోయి, నెల్లూరు పేరనే అచ్చట మాంసమునకై కోట్లకొలదిగా వృద్ధిపొందినవి. ఇచ్చట ట్రాక్టరు వచ్చి కాడి మూలబడెను. బండలాగుడు పందెములే నేడు ఆ జాతి బలమునకు మిగిలిన పరీక్షలలో ఒకటి. పశువునైనను, కుక్కనైనను పెంపకమునకు ఎన్నుకొనువారు రూపముతోపాటు దాని పనిని, ఆరోగ్యమును, స్వభావమును విచారింపవలెను. పని లేని యింటికి పనికుక్కను తేకుండుటయు ఆ విచారములోనిదే. కాడి కట్టి చూడనిదే సొమ్ము చెల్లింపని రైతునకు ఇది క్రొత్తమాట కాదు. మీ పిల్లలకు మాత్రము చెప్పవలసిన మాట.