చావింటికి పోయేవాళ్లు

ఆదోని డివిజన్ పల్లెల్లో ఏ.ఎన్.ఎం.గా చేసి రిటైరయ్యాను. పుట్టింది ఎమ్మిగనూరులో, నేతవాళ్ల వీధిలో. చావింటి మర్యాదలు నాకు వీధి ఆడపిల్లగానూ తెలుసు, రిజిస్టరు చంకన పెట్టుకుపోయే నర్సమ్మగానూ తెలుసు.

మా వీధిలో ఎవరైనా కాలం చేస్తే గుంత మగ్గాలన్నీ ఆగేవి. శవం లేచేదాకా ఎవరూ నాడె ముట్టేవాళ్లు కాదు. ఆ ఇంట్లో పొయ్యి వెలిగించరు కాబట్టి పక్కిళ్ల నుంచి జొన్నరొట్టెలు, పప్పు వచ్చేవి. 1938లో మాచాని సోమప్పగారు పెట్టిన నేత సహకార సంఘం మా వాళ్లకు పని చూపించింది. మా చిన్నప్పుడు ఒకాయన సంఘం చీర సగం నేసి పోయాడు. పెద్దదినం అయిన మర్నాడు ఆయన తోడల్లుడు వచ్చి, అదే గుంతలో కాళ్లు పెట్టుకుని కూర్చుని, మిగతా చీర నేసి, కూలి మొత్తం చనిపోయినాయన భార్య చేతిలో పెట్టి వెళ్లాడు. దాన్ని సాయమని ఎవరూ అనుకోలేదు. పడుగు మగ్గం మీద ఉంది, ఎవరో ఒకరు నెయ్యాలి, అంతే.

1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడేదాకా ఆదోని తాలూకా బళ్లారి జిల్లాలో ఉండేది. ఇక్కడ కన్నడమూ ఉర్దూ తెలుగుతో కలిసే బతుకుతాయి. లింగాయతులు శవాన్ని కూర్చోబెట్టి, విభూతి పూసి, కూర్చున్నట్టే సమాధి చేస్తారు. ముస్లింల ఇళ్లలో మూడోనాడు జియారత్, నలభయ్యోనాడు ఫాతెహా. మాకు చిన్నదినం, పెద్దదినం. తంతు ఏదైనా, ఫలానా రోజు ఇంటికి మనుషులు రావాల్సిందేనన్న ఏర్పాటు అన్నింట్లోనూ ఉంది. నాకు అన్నింటికంటే నచ్చింది నిద్రకు తీసుకుపోవడం. పుట్టింటివాళ్లో దగ్గరి బంధువులో వచ్చి, దుఃఖంలో ఉన్న మనిషిని ఆ ఇంటి నుంచి తప్పించి ఒక రాత్రి తమ ఇంట్లో పడుకోబెడతారు. అన్నీ మెచ్చుకోదగ్గవని అనను. భర్త పోయినామె గాజులు పగలగొట్టి బొట్టు చెరిపే తంతు చూడలేక నేను లేచి వచ్చేసిన ఇళ్లున్నాయి.

ఇవన్నీ సాగాలంటే ఊళ్లో మనుషులుండాలి. 1876-78 ధాత కరువులో అదే లేకపోయింది. 1871, 1881 జనాభా లెక్కలు పక్కపక్కన పెడితే బళ్లారి జిల్లా జనం ఐదో వంతు దాకా తగ్గిపోయారు. ప్రతి ఇల్లూ చావిల్లే అయినప్పుడు రొట్టె పట్టుకొచ్చే పక్కిల్లు ఎక్కడుంటుంది? ఇప్పుడు అంత కరువు లేదు గానీ సుగ్గి వలస ఉంది. కోసిగి, పెద్దకడబూరు వైపు పల్లెల నుంచి పత్తి, మిరప కోతలకు గుంటూరు దాకా పోతారు. ఆ నెలల్లో ఎవరైనా పోతే పాడె మొయ్యడానికి నలుగురిని వెతుక్కోవాలి.

సుగ్గి నుంచి నిండు నెలలతో తిరిగొచ్చిన ఒక పిల్లకు కాన్పయింది, రెండో రోజే బిడ్డ పోయింది. మూడోనాటికి పాలు పడ్డాయి. రొమ్ములు రాళ్లయ్యాయి, రవిక తడిసిపోతోంది. నేను నింపాల్సిన కాగితంలో బిడ్డ బరువు, తేదీ, కారణం రాయాలి. ఈ తడిసిన రవిక రాయడానికి గడి లేదు. వాళ్ల అవ్వ ఆదోని నుంచి మల్లెపూలు తెప్పించి, పాత చీరపేలికతో రొమ్ములకు కట్టింది. “పొద్దున్నే మార్చల్ల నర్సమ్మా, వాడిన పూలు పనికిరావు” అని నాకే చెప్పింది. పూలు మార్చే నెపంతో అవ్వ రోజూ ఆ పిల్ల పక్కన కూర్చునేది. తర్వాత తెలిసింది, వెల్లూరు క్రైస్తవ వైద్య కళాశాల డాక్టర్లు ఈ పూలను బ్రోమోక్రిప్టిన్ మాత్రతో పోల్చి చూసి, పాలు తగ్గించడంలో రెండూ సమానమేనని 1988లో ప్రచురించారని.

సర్కారు చావింటికి డబ్బుతో వచ్చింది. 2004 జూన్‌లో వచ్చిన 421 జీవో ప్రకారం ఆత్మహత్య చేసుకున్న రైతు కుటుంబానికి లక్షన్నర. అందులో యాభై వేలు అప్పుల పరిష్కారానికి. 2015లో 5 లక్షలు, 2019లో 7 లక్షలు చేశారు. అయితే ముందు ఆర్డీవో, డీఎస్పీ, వ్యవసాయ శాఖ ఏడీ కలిసి విచారించి, అది రైతు చావేనని తేల్చాలి. అప్పు పత్రాలు, పాసుపుస్తకం, పోస్టుమార్టం రిపోర్టు చూపించాలి. నోటిమాట మీద గుత్తకు చేసుకున్నవాడి పెళ్లాం ఏం చూపిస్తుంది? డబ్బు అవసరమే, కాదనను. కానీ ఇంటికొచ్చిన మనిషి మొదటి మాటే రుజువు అడగడం నాకు ఇప్పటికీ మింగుడుపడదు. దానికంటే పొదుపు సంఘాల బీమా మిత్రలు నయం. కబురు అందగానే ఇంటికొచ్చి, మట్టి ఖర్చులకు 5,000 చేతిలో పెట్టి, మిగతా కాగితాలు తర్వాత చూసుకునేవాళ్లు.

మనసు బాగోలేనివాళ్ల కోసం 2022 అక్టోబరు నుంచి సర్కారు టెలీమానస్ ఉంది, 14416కి ఫోన్ చేస్తే తెలుగులోనే మాట్లాడతారు. మంచిదే. కానీ ఇంట్లో ఉన్న ఒక్క ఫోనూ కొడుకుతోపాటు సుగ్గికి పోయుంటే? అందుకే మా ఆశా పిల్లలకు చెబుతుంటాను: పెద్దదినానికి పోకపోయినా పర్వాలేదు, ఆ తర్వాత వారం పోండి, చుట్టాలంతా అప్పటికి వెళ్లిపోయుంటారు. మందుల సంచి భుజాన వేసుకుని పోతే, ఎందుకొచ్చారని వీధిలో ఎవరూ అడగరు.